క్రోటన్ల వరస ముందు డ్రాయింగు మాష్టారు

పోయిన వారం కళ్ళజోడు మార్పించుకుందామని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడి కాంపౌండరుతో తగువు పెట్టుకుని, కళ్ళజోడు లేకుండానే ఇంటికొచ్చాను. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. చేపల బజారుకి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా ఓ తగువు తోడు పెట్టుకుని వచ్చే మనిషినని అందరికీ అలవాటే.

కానీ ఈ తగువు నా కోసం కాదు. వరసలో నాకంటే ముందు సాలూరు లారీ డ్రైవరొకడు కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. లైసెన్సు కాగితం కోసం కళ్ళ పరీక్షకి వచ్చాడు. కాంపౌండరు రంగు చుక్కల పుస్తకం తెరిచి అతని మొహం ముందు పెట్టాడు. ఎర్ర చుక్కల మధ్య పచ్చ చుక్కలతో ఓ అంకె వేసి ఉంటుంది అందులో. మామూలు కళ్ళకి గుమ్మంలోంచే కనిపిస్తుంది.

"అంకె ఎంత?"

"అంకేటి బాబూ? సుక్కలే ఉన్నాయి."

"సరిగ్గా సూడ్రా."

"సూస్తన్నాను బాబూ. సుక్కలే."

"ఒరే, మరి ఇన్నాళ్ళూ లారీ ఎలాగ తోలతన్నావురా? విశాఖపట్నంలో దీపాల కాడ ఏటి సేస్తావు?"

"పై దీపం ఎలిగితే ఆగుతాను, కింద దీపం ఎలిగితే ఎల్తాను. రంగుతో నాకేటి పని?"

గదంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. అందరికంటే ముందు తనే నవ్వేస్తే నొప్పి తగ్గుతుందని నేర్చుకున్నవాడి నవ్వు అది. దాన్ని చూసే నాకు ఒళ్ళు మండింది. కాంపౌండరుకి ఏం తగలాలో అవన్నీ తగిలించి బయటికొచ్చాక, రిక్షాలో కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ నవ్వు నేను అంతకు ముందు ఒక్క మొహం మీదే చూశాను. పాతికేళ్ళ కిందట. ఆ రోజు కాంపౌండరు పని చేసింది నేనే.

ఆయన పేరు రాయను. బతికినన్నాళ్ళూ ఆయన దాచుకున్న సంగతి ఇప్పుడు రాయబోతున్నాను కనుక కనీసం పేరైనా దాచాలి.

అరవయ్యో దశకం చివర నేను విజయనగరంలో ఓ కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటర్ని. ఆ కాలేజీకి వెనకవైపు పెద్ద తోట ఉండేది. ప్రతి మొక్క దగ్గరా రేకు మీద దాని శాస్త్రం పేరు. ఏడాది పొడుగునా ఆ తోట గేటుకి తాళం. ఊళ్ళోవాళ్ళకి ప్రవేశం లేదు. శీతాకాలంలో చామంతులు విరబూసినప్పుడు మాత్రం పదిరోజులు తాళం తీసేవారు. ఆ పదిరోజులూ చెట్టుకీ చెట్టుకీ మధ్య తాళ్ళు కట్టి, బట్టలు ఆరేసినట్టు బొమ్మలు వేలాడదీసేవారు. చిత్రకళా ప్రదర్శన అని కమిటీవాళ్ళు కాగితాలు కొట్టించేవారు. రామతీర్థం వైపు నించి ఎడ్లబళ్ళ మీద వచ్చిన సంసారులు ఆ బొమ్మల కింద నించి వంగి వెళ్ళి చామంతులు చూసుకుని, మళ్ళీ వంగి బయటికెళ్ళిపోయేవారు. మనుషులు బొమ్మల కోసమే వస్తున్నారని కమిటీ లెక్క. కాదని ప్రతి ఏడూ మీటింగులో నేను చెప్పేదాన్ని. నాకు మీటింగు కాగితం పంపడం మానేశారు. పంపకపోయినా వెళ్ళేదాన్ని.

ప్రదర్శనకి ఒకటే షరతు. బొమ్మని తోటలోనే కూర్చుని వేయాలి, తోటలో ఉన్నదాన్నే వేయాలి. అందుకని ప్రదర్శనకి ముందు వారం రోజులు బొమ్మలు వేసేవాళ్ళని లోపలికి రానిచ్చేవారు. వాళ్ళు కొమ్మలు విరవకుండా, పువ్వులు తెంపకుండా కాపలా నాది.

అలా మొదటి శీతాకాలంలో ఈయన్ని చూశాను. మిషను బడిలో డ్రాయింగు మాష్టారు. అరవైకి దగ్గర్లో ఉన్నారు. మోచేతుల దగ్గర వేరే గుడ్డ అతికిన కోటు, మెడదాకా పెట్టిన బొత్తాలు. సాలూరులో అల్లుడు లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. మిగిలిన టార్పాలిను ముక్కతో మావగారికి ఓ మడత స్టూలు కుట్టి ఇచ్చాడు. ఆయన ఆ స్టూలు తెరిచినప్పుడల్లా డీజిలు వాసన వచ్చేది. జేబులో కాల్చిన తేగలు, కాగితంలో చుట్టుకుని. తేగ నిలువునా చీల్చి, మధ్యలో ఉండే లేత మొలక చందమామని తీసి అవతల పెట్టి, ముందు పీచు భాగం తిని, చందమామ చివర్న తినేవారు. "మంచిది ముందే తినీస్తే మిగతాది గడ్డిలాగుంటాదమ్మా" అనేవారు.

ఆయన గీత చూస్తే నోట మాట రాదు. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాట బరువు అర్థమవుతుంది. గాలికి చీలిన అరిటాకు గీశారంటే ఏ చీలిక ఈ ఉదయానిదో, ఏది నిన్నటిదో చెప్పొచ్చు. రబ్బరు వాడగా నేను చూడలేదు. మా డిపార్టుమెంటులో మేం గీసే బొమ్మలన్నీ వాటి ముందు వంకాయల్లా ఉండేవి.

ఆ వేళ ఆయన మందారం ముందు కూర్చున్నారు. చెట్టు నిండా ఎర్రటి పువ్వులు. పెన్సిలు పని అయిపోయింది. రంగు చిప్పలు ముందు పెట్టుకుని, నేను అటుగా పోతుంటే పిలిచారు.

"బోటనీ అమ్మా, దీన్ని మీ శాస్త్రంలో ఏ రంగు మందారం అంటారు?"

నన్ను పరీక్ష చేస్తున్నారనుకున్నాను. ఆడపిల్ల డిమాన్‌స్ట్రేటర్ని పరీక్ష చెయ్యడం ఆ రోజుల్లో మగవాళ్ళందరికీ సరదా. "మా శాస్త్రంలోనూ ఎరుపే, మీ బళ్ళోనూ ఎరుపే. మీకు కళ్ళు లేవా మాష్టారూ?" అన్నాను. పక్కన బొమ్మలు వేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మాష్టారు కూడా నవ్వారు. అందరికంటే ముందు.

వాళ్ళు తలలు తిప్పుకున్నాక మెల్లగా అన్నారు. "ఉన్నాయమ్మా కళ్ళు. కాకపోతే ఎరుపూ పచ్చా నా కాడికొచ్చేసరికి కవల పిల్లలైపోతాయి. ఏది ఏదో కన్నతల్లి సెప్పాల."

చిప్పలు చూపించారు. ఒక్కో చిప్ప అంచుకి గాట్లు. ఒక గాటు ఎరుపు, రెండు గాట్లు ఆకుపచ్చ, మూడు గాట్లు ఇటుక రంగు. పసుపుకీ నీలానికీ గాట్లు లేవు. "ఆ రెండూ నావి. వాటికి ఎవరి సాయం అక్కర్లేదు" అన్నారు, పొలం గట్టు చూపించినంత ధీమాగా. చిన్నప్పుడు పండు మిరపకాయలు కోసుకు రమ్మని తల్లి పంపితే బుట్టెడు పచ్చివి కోసుకొచ్చి దెబ్బలు తిన్నారట. డ్రాయింగు పరీక్ష రంగు గొట్టాల మీద పేర్లు చదువుకుని పాసయ్యారు. పెళ్ళయ్యాక సంగతి భార్యకి చెప్పారు. ముప్పై ఏళ్ళు ఆవిడ పక్కన కూర్చుని, బట్టలు కుట్టుకుంటున్నట్టో బియ్యం ఏరుతున్నట్టో కనిపిస్తూ, "ఇది ఎరుపు, ఇది లేతపచ్చ" అని చెబుతూనే ఉంది. ఆవిడ పోయి ఏడు నెలలైంది. బళ్ళో తెలిస్తే డ్రాయింగు మాష్టారి ఉద్యోగం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

క్షమించండి అని ఒక్క మాట అనాల్సింది. అది నాకు రాదు. చిన్నప్పటి నించీ రాదు. బదులుగా ఆయన పక్కన నేలమీద చతికిలబడి, గంటసేపు కొమ్మ కొమ్మకీ రంగు చెప్పాను. ఆకు ముదురు పచ్చ, చిగురు రాగి, మొగ్గ కింద తొడిమ మళ్ళీ పచ్చ. మా తోటమాలి అప్పన్న వచ్చి, "ఏటమ్మా, తవరు కూడా బొమ్మలేస్తన్నారేటి?" అన్నాడు. "లేదు, మాష్టారికి బోటనీ నేర్పుతున్నాను" అన్నాను. "మరి ఆయన తవరికేటి నేర్పుతన్నాడు?" అని వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకి ఇప్పుడు జవాబు తెలుసు.

తరవాతి శీతాకాలానికి మా మధ్య ఓ ఆట తయారైంది. నేను రాలిన క్రోటన్ ఆకులు పది ఏరి ఆయన ఒళ్ళో పోసేదాన్ని. ఎర్రవి కుడివైపు, పచ్చవి ఎడమవైపు పెట్టాలి. ఆకుని వెలుగుకి అడ్డం పెట్టేవారు, తిరగేసేవారు, కనురెప్పలు సగం మూసేవారు. ఓసారి అంచు కొరికి చూశారు.

"మాష్టారూ, క్రోటన్ పాలు పడితే నోరు పొక్కుతుంది!"

"పొక్కితే పొక్కనీ. ఎర్రది ఏమైనా కారంగా ఉంటాదేమో అని."

"పదికి ఆరు."

"ఆరేటి? నిన్న ఏడు కదా!"

"నిన్న మీరు నా మొహం చూసి సర్దారు. ఇవాళ నేను అటు తిరిగి కూర్చున్నాను."

"ఓలమ్మో, ఈ గుంట నన్ను ఇనస్పెక్టర్లా ఏపుకు తింటన్నాది" అని అప్పన్నకి ఫిర్యాదు చేసేవారు.

ఓ రోజు నేనే అడిగాను. మరీ అడిగాననడం కూడా మర్యాదే, దులిపేశాను. "ఎందుకీ పంతం? మీ పెన్సిలు గీత చాలదూ? పెన్సిలు బొమ్మలే పెట్టండి. రంగులు వేసినవాళ్ళందరూ సిగ్గుతో తాళ్ళు విప్పుకుని పోతారు."

తేగ చీల్చి చందమామ పక్కన పెట్టారు. "ముప్పై ఏళ్ళు మా ఆవిడ సెప్పింది, నేను ఏసాను. ఇప్పుడు నువ్వు సెప్తన్నావు, నేనేస్తన్నాను. కింద సంతకం మాత్రం నాది. అది నాకు బాగునేదమ్మా. ఒక్క బొమ్మ. ఒక్కటంటే ఒక్కటి. ఎవర్నీ అడక్కుండా నా అంతట నేను ఎయ్యాల. నువ్వొచ్చి సూసి, ఎక్కడా తప్పునేదు మాష్టారూ అనాల. ఆ రోజు రంగులన్నీ కట్టీసి పెట్టెలో పడేస్తాను. మరి ముట్టను."

"నేనే ఎందుకు అనాలి?"

"ఊళ్ళో అందరూ బాగుందంటారు. నువ్వొక్కర్తివే బాగునేదని మొహం మీద అంటావు. నీ మాటకే విలువ."

నన్ను అంత బాగా ఎవరూ పొగడలేదు, ఇప్పటికీ.

మూడో ఏడు ఆయన కంటిని వదిలేసి బుర్రని నమ్ముకున్నారు. మా తోటలో తాటాకు పందిరి కింద ఇరవై రెండు కుండీల్లో క్రోటన్లు వరసగా ఉండేవి. ఆ వానాకాలం నించి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక సరాసరి అక్కడికి వచ్చేవారు, నేను గేటు తాళం తీసి లోపలికి రానిచ్చేదాన్ని. ఒక్కసారి మాత్రం నన్ను వరస పొడుగునా రంగులు చెప్పమన్నారు. నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ తరవాత రంగు మాట ఎత్తనివ్వలేదు. ఆకు రూపుతో రంగుని ముడివేసుకుని కంఠతా పట్టారు. మెలికలు తిరిగిన ఆకు: నిండా పచ్చ, పసుపు ఈనెలు. బాతు పాదంలాంటిది: ఎరుపు. సన్నగా రిబ్బనులా ఉన్నది: పచ్చ, మీద పసుపు చుక్కలు. ఇరవై రెండిట్లో ఎర్రవి మూడే, మిగిలినవన్నీ పచ్చా పసుపూ. దసరా నాటికి నేను ఏ కుండీ మీద చెయ్యి పెట్టినా టక్కున చెప్పేవారు. వెనక నించి మొదలెట్టి అడిగినా, మధ్యలో నించి అడిగినా. ఇరవై రెండుకి ఇరవై రెండు. ఆ రోజు అప్పన్న కూడా చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. "బాబూ, ఇంతోటి ఇజ్జ సిన్నప్పుడు సదివితే కలకటేరు అయిపోదురు" అన్నాడు.

"కలకటేరుకి ఇంత కష్టం దేనికిరా? ఎర్రసిరా పచ్చసిరా ఏదైనా ఒకలాగే సంతకం పెట్టీవచ్చు" అన్నారు మాష్టారు. ఆ వేళ ఆయన మొహం చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నారు.

ఆ వెంటనే జ్వరం తగిలింది. ఒంటరి మనిషి కదా, కూతురు వచ్చి సాలూరు తీసుకుపోయింది. రెండు నెలలు మంచాన పడ్డారని తెలిసింది.

ఈలోగా మా ప్రిన్సిపాలుగారికి ఓ కోరిక పుట్టింది. గేటులోంచి రాగానే మంటల్లాంటి రంగులు కనిపించాలన్నారు. ఆ పని నాకప్పజెప్పారు. ఇందులో పెద్ద విద్యేం లేదు. క్రోటన్ని నీడలో ఉంచితే పచ్చగా ఉంటుంది, ఎండలో పెడితే ఆకులో దాగిన ఎరుపు పైకొస్తుంది. ఈ ముక్క నేను క్లాసులో ఏటా చెప్పేదాన్ని. పందిరి కింది కుండీలన్నీ మోయించి గేటు పక్కన ఎండలో పెట్టించాను. పెట్టిస్తూ ఏమన్నానో నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "అప్పన్నా, వరస మాత్రం మార్చకు. మాష్టారు వస్తే వెతుక్కోకూడదు." అంత శ్రద్ధ తీసుకున్నాను. ఇరవై రెండు కుండీలూ పందిరి కింద ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో ఎండలో నిలబెట్టించాను.

ఆరు వారాల్లో వరసంతా భగ్గుమంది. పసుపు ఈనెలు, పసుపు చుక్కలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య పచ్చదనమే ఎర్రబారిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, నన్ను నేనే.

బొమ్మలు ఇవ్వడానికి ఆఖరు రోజున మాష్టారు వచ్చారు. కోటు భుజాల మీంచి జారిపోతోంది. మెడకి ఉన్ని గుడ్డ. చేతిలో అదే స్టూలు. వరస ఎక్కడుందో చూసుకుని, మెలికల ఆకు మొదట, బాతు పాదం నాలుగోది అని వేలితో లెక్కపెట్టుకుని, తృప్తిగా తల ఊపారు. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు ఇటు రాకు. రేపు తాడు మీద సూడు."

"ఒంట్లో బాగోలేదు, ఎండలో ఎంతసేపు కూర్చుంటారు? నీడలోకి..."

"ఎల్లమ్మా. బేగి ఎల్లు. నీ మొహం సూస్తే నాకు జవాబు దొరికిపోతాది."

వెళ్ళిపోయాను. సాయంత్రం దాకా పందిరి దగ్గర నించి ఆయన వీపు మాత్రమే చూశాను. ఒక్కసారి కూడా ఎవర్నీ పిలవలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. చీకటి పడబోతుండగా బొమ్మని కాగితంలో చుట్టి కమిటీ బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆ బొమ్మ తాడు మీదకెక్కింది. క్రోటన్ల వరసకి పది అడుగుల దూరంలోనే. గీత గురించి నేనేం చెప్పను. ఇరవై రెండు కుండీలూ ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. కానీ వెనక ఎండలో అసలు వరస నిప్పులా మండుతుంటే, బొమ్మలో వరసంతా చల్లగా పచ్చగా, మధ్యలో మూడే మూడు ఎర్ర మొక్కలు.

ఓడిపోయారనుకున్నాను. ఇంత చదివి, ఇంత కంఠతా పట్టి, తీరా చిప్పలు తారుమారు చేసుకున్నారనుకున్నాను.

బొమ్మలకి తీర్పు చెప్పడానికి పై ఊరి నించి ఓ పెద్దమనిషి వచ్చాడు. గెడ్డం, భుజాన సంచీ. ఆ బొమ్మ ముందు ఆగి, ఓసారి బొమ్మనీ ఓసారి వరసనీ చూసి, చేతులు గాలిలో తిప్పాడు. "అద్భుతం! ఈ చిత్రకారుడు ప్రకృతికి తల వంచలేదు. తన రంగుల్ని తనే నిర్ణయించుకున్నాడు!" చుట్టూ ఉన్న కమిటీ అంతా తలలు ఊపింది. అంతకు ముందు నిమిషం దాకా ఆ బొమ్మని మూలకి మార్చాలని గుసగుసలాడినవాళ్ళే వాళ్ళంతా.

మాష్టారు గుంపు వెనకాల ఉన్నారు. గుంపు ముందుకి కదిలాక నా దగ్గరికొచ్చారు.

"ప్రకృతికి తల వంచలేదంటే ఏటమ్మా?"

"పొగడ్తే మాష్టారూ."

"పొగడ్త సంగతి నాకెందుకు? నువ్వు సెప్పు. సరిగ్గా ఉన్నాదా, నేదా?"

కళ్ళు లోపలికి పోయి, చెంపలు ఎండిపోయి ఉన్నాయి. రెండు నెలల జ్వరం నించి లేచి బస్సులో ఒక్కడూ వచ్చిన మనిషి. మొహం మీద కొట్టినట్టు చెప్పడమే నా పద్ధతి. ఆయన నన్ను ఎంచుకున్నదీ అందుకే. కానీ నోరు రాలేదు.

"సరిగ్గానే ఉంది మాష్టారూ. ఎక్కడా తప్పులేదు" అన్నాను.

ఆయన మెడకున్న ఉన్ని గుడ్డ సర్దుకున్నారు.

"మూడేళ్ళలో నువ్వు ఏ మాటకైనా తగువు లేకుండా ఒప్పుకున్నావేటమ్మా?" అన్నారు మెల్లగా. "ఇంత బేగి ఒప్పీసుకున్నావంటే, తప్పే అన్నమాట."

నవ్వారు. ఆ నవ్వే. స్టూలు మడతపెట్టి చంకలో పెట్టుకుని, చామంతుల కోసం వచ్చిన జనంలోంచి దారి చేసుకుంటూ గేటు దాటిపోయారు. ప్రశంసాపత్రం మీద పేరు రాయించి పిలిచేసరికి మనిషి లేరు.

పదిరోజులు అయ్యాక తాళ్ళు విప్పారు. కుండీలు మళ్ళీ పందిరి కిందకి మోయిస్తున్నాను. అప్పన్న మెలికల ఆకు కుండీని భుజానికెత్తుకుంటూ, "పాపం, డ్రాయింగు బాబుని సూసి నవ్వుకున్నారు గానీ, ఆయన ఏసినట్టే కదేటి ఇవన్నీ ఉండీవి? తవరు ఎండలో ఎట్టించక ముందు ఇయ్యన్నీ పచ్చవే" అన్నాడు.

ఆ కుండీ దింపించి ఆకు తిరగేసి చూశాను.

చదువుకోని అప్పన్నకి తట్టింది. క్లాసులో ఏటా ఆ పాఠం చెప్పే నాకు తట్టలేదు. వరస మార్చకు అన్నాను, రంగు మార్చేశాను. ఎరుపు కనిపించని మనిషికి, పచ్చది ఎర్రబారితే ఏం తెలుస్తుంది? ఆయనకి ఆ మొక్కలు దసరానాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పసుపు ఈనెలు ఉన్నచోటే ఉన్నాయి. ఆయన ఎవర్నీ అడక్కుండా, ఒక్క ఆకు తప్పకుండా, ఆ వరసని వేశారు. కోరుకున్న బొమ్మ వేసేశారు. తప్పు బొమ్మలో లేదు. తప్పు నాది.

మాష్టారు మళ్ళీ కూతురి దగ్గరికే వెళ్ళారు, ఆ సాయంత్రమే సాలూరు బస్సెక్కి ఉండాల్సింది. మూడు గంటల ప్రయాణం కూడా కాదు. ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "మాష్టారుగారికి నమస్కారములు" అని రాశాక తరవాతి మాట "నాదే తప్పు" అని ఉండాలి. ఆ రెండు మాటలు నేను అంతవరకూ ఎవరికీ రాయలేదు, ఎవరితోనూ అనలేదు. రాసి చింపాను. మనిషిని చూసి చెప్పడమే నయం అనుకున్నాను. మనిషి ఎలాగూ వస్తారు కదా, ఏదో ఆదివారం చర్చి అయ్యాక వస్తారు కదా అనుకున్నాను. పరీక్షలు వచ్చాయి. వేసవి సెలవులకి శ్రీకాకుళం మా అమ్మ దగ్గరికి వెళ్ళి, పక్కింటివాళ్ళతో ప్రహరీ గోడ గురించి నెలరోజులు వాదించి గెలిచాను. అంత తీరిక ఉంది నాకు.

వానలు పడ్డాక, మిషను బడి టీచరమ్మ ఒకావిడ బజారులో కనబడి చెప్పింది. మాష్టారు వైశాఖంలోనే పోయారు. సాలూరులోనే, చర్చి వెనక ఉంచారు.

అప్పుడు వెళ్ళాను సాలూరు. బస్సు దిగితే రోడ్డుకి రెండువైపులా లారీలు, సగం కట్టిన బాడీలు, సుత్తి దెబ్బలు. షెడ్డు వెనక ఆ కూతురి ఇల్లు. మాష్టారి నుదురే ఆవిడది. నేనెవరో చెప్పగానే ఈతాకు చాప వేసింది.

"బోటనీ అమ్మంటే తవరేనా? నాన్న సెప్పీవోరు. మంచాన పడ్డాక కూడా తవరి మాటే. మొహం మీద మాట్లాడతాదిరా, కానీ నా మనసు నొచ్చుకుంటాదని ఆ పొద్దు అబద్ధమాడింది, ఆ మనిషికి అబద్ధమాడ్డం ఎంత కష్టమో నాకు తెలుసు, అనీవోరు."

అడిగాను. "రంగులు మళ్ళీ ముట్టారా?"

"నేదమ్మా. పెన్సిల్తో మా పిల్లల మొహాలు గీసీవోరు. రంగెయ్యి తాతా అంటే, నాకు అది రాదురా, సూసుకున్నాను, రాదు, అనీవోరు." ఆగి, గొంతు తగ్గించింది. "ఆయనకి రంగులు తెలీవని మాకు తెలుసు. అమ్మ పోయేముందు నాకు సెప్పింది. మాకు తెలుసని ఆయనకి తెలీదు."

అప్పుడు చెప్పాను. పందిరి సంగతి, ఎండ సంగతి, వరస మార్చకు అని నేనన్న సంగతి. దసరానాడు ఇరవై రెండుకి ఇరవై రెండు చెప్పిన సంగతి. ఆ బొమ్మలో ఒక్క ఆకు కూడా తప్పులేదని, నాదే తప్పని. పుట్టి పాతికేళ్ళు దాటాక మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, వినాల్సిన మనిషికి కాదు.

ఆవిడ చీర చెంగుతో మొహం తుడుచుకోలేదు, ఏడవలేదు. చాప అంచున లేచిన ఈతాకు ఒకటి లోపలికి దోపింది.

"అయితే ఆయనకి వచ్చినట్టేనేటి? నాన్న గెలిసినట్టేనా?"

"గెలిచారు. ఒక్క తప్పు లేదు."

"ఇది తవరికి ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ప్రదర్శన అయిన మర్నాడే."

సుత్తి దెబ్బలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు అలవాటైన దారి ఒకటి దొరికేది.

"అప్పటికి ఇంకా నాలుగు నెలలు బతికున్నారమ్మా" అంది. "ఓ కార్డు ముక్క మీద రాసి పడీవలసింది. మా ఊరికి టపా రోజూ వస్తాది."